నాన్నకి శుక్లం ఆపరేషన్: చెన్నైలో మన మాట వినే కంటి డాక్టరు ఎవరైనా ఉన్నారా?

గూడూరు_గోపి
నాన్నకి 68. రెండు కళ్ళలోనూ శుక్లాలు, కుడి కంట్లోది బాగా ముదిరింది. మొన్న శనివారం గూడూరు నుంచి రప్పించి ఇక్కడ ఒక పెద్ద చోటికి తీసుకెళ్ళా. పొద్దున 9కి వెళ్తే మధ్యాహ్నం 2కి పిలిచారు. లోపల ఎంతసేపు ఉన్నామంటే, నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికెళ్ళి, బయటికొచ్చి మళ్ళీ తొడుక్కునేంతసేపు. "శుక్లం ఉంది, ఆపరేషన్ చేయాలి, కౌన్సెలర్‌ని కలవండి." అంతే.
ఆ కౌన్సెలర్ అమ్మాయి లెన్సుల కార్డు ముందు పరిచింది. 28 వేల నుంచి లక్షా 10 వేల దాకా ఆరు రకాలు. నాన్నకి ఏది సరిపోతుందమ్మా అంటే "మీ బడ్జెట్ ఎంత సార్" అంది. నాన్న నా వంక తిరిగి "చీరలు చూపిస్తున్నారేంట్రా" అన్నాడు.
ఆపరేషన్ అంటే భయం లేదు ఆయనకి. ఎవరూ ఏమీ చెప్పకపోవడమే భయం. కాస్త కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పండి. తెలుగు వస్తే ఇంకా మంచిది, రాకపోయినా పర్లేదు.

టీనగర్_తిప్పలు
చీరల కొట్లో అయితే కనీసం కూల్‌డ్రింక్ ఇస్తారు అన్నా.

వేదిక_మోడరేటర్
డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ఇన్‌బాక్స్‌లో పంపుకోండి. అనుభవాలు ఎన్నయినా రాయండి.

పెరంబూర్_పద్మ
గోపీ, ఇన్‌బాక్స్ చూడు. మా డాక్టరమ్మ వివరాలు పంపా. ఎందుకు పంపానో ఇక్కడ రాస్తా, వేరేవాళ్ళకి కూడా పనికొస్తుంది.
నాకు నీటికాసులు, అంటే గ్లకోమా. రెండేళ్ళు మందు వేసుకుంటూనే ఉన్నా, కంట్లో ప్రెషర్ మాత్రం 26, 27 దగ్గరే నిలబడింది. 21 దాటకూడదంటారు. ఇద్దరు డాక్టర్లు మందు మార్చారు, ఒకరైతే ఇంకోటి కలిపారు. సీసాలు పెరిగాయి గానీ ప్రెషర్ దిగలేదు. మూడోసారి ఈవిడ దగ్గరికి వెళ్ళా. చీటీలన్నీ చదివి, మందు మార్చకుండా, డ్రాయర్‌లోంచి మామూలు కన్నీళ్ళ చుక్కల సీసా ఒకటి తీసి నా చేతికిచ్చారు. "ఇంట్లో ఎలా వేసుకుంటారో ఇక్కడ అలాగే వేసుకోండి" అన్నారు.
తల ఎత్తి వేసుకున్నా. చుక్క రెప్ప మీద పడి చెంప మీదికి జారింది. ఇంకోటి వేశా. అదీ అంతే. ఆవిడ టిష్యూ ఇచ్చి "అయితే రెండేళ్ళ నుంచీ మీ బుగ్గకి ప్రెషర్ తగ్గిస్తున్నారన్న మాట" అన్నారు. ఇద్దరం తెగ నవ్వాం. తర్వాత కింది రెప్పని వేలితో లాగి చిన్న సంచిలా చేసి, అందులో ఒక్క చుక్క వేసి, కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన మూల దగ్గర రెండు నిమిషాలు నొక్కిపట్టడం నేర్పించారు. మూడుసార్లు చేయించారు. రెండో మందుకీ మొదటిదానికీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలట. అది కూడా నాకు అప్పటిదాకా తెలీదు, ఒకదాని వెనక ఒకటి వేసి మొదటిదాన్ని కడిగేసుకుంటున్నా.
అవే మందులు. తర్వాత నెల ప్రెషర్ 17.

నిద్రలేని_టెకీ
"బుగ్గకి ప్రెషర్" 😂 ఇది చదివి ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశా, మందు ఎలా వేసుకుంటున్నావని. "నాన్న వేస్తాడు, నేను కళ్ళు మూసుకుంటా" అంది.

పెరంబూర్_పద్మ
కళ్ళు మూసుకున్నాక వేస్తారా, వేశాక మూసుకుంటుందా? అడుగు బాబూ!!

నిద్రలేని_టెకీ
అడిగా. మూసుకున్నాకే.

వేళచ్చేరి_వాసు
అందరూ ఓపిక, మంచి మాట అంటున్నారు గానీ నాకు వాటి మీద నమ్మకం పోయింది. నా కథ వినండి. కళ్ళు దురద, ఎర్రబడటం. ఇంటి దగ్గర ఒకాయన దగ్గరికి నాలుగేళ్ళు వెళ్ళా. చాలా ప్రేమగా మాట్లాడేవారు. పిల్లల చదువులు అడిగేవారు, మా నాన్న పోయినప్పుడు ఇంటికి కూడా వచ్చారు. దురద అన్నప్పుడల్లా ఒక చుక్కల మందు రాసేవారు, రెండు రోజుల్లో హాయిగా ఉండేది. ఆ చీటీయే చూపించి మెడికల్ షాపులో నేనే కొనుక్కునేవాణ్ణి, అది నా తప్పే. అందులో స్టెరాయిడ్ ఉందని నాకెవరూ చెప్పలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కంటి ప్రెషర్ చూడలేదు.
ఆఫీసులో చెకప్ క్యాంపు పెడితే బయటపడింది. రెండు కళ్ళలో 34. ఎడమ కంటికి పక్క చూపు కొంత పోయింది, పోయింది రాదు. ఇప్పుడు చూసే డాక్టరు ముక్కుసూటి మనిషి, గుడ్ మార్నింగ్ కూడా అనడు. కానీ వెళ్ళిన ప్రతిసారీ ప్రెషర్ తనే చూస్తాడు, ఆర్నెల్లకోసారి పక్క చూపు పరీక్ష చేయిస్తాడు. నాకు ఆయన చాలు. గోపీ, మీరు మాటలు వెతుకుతున్నారు, చెయ్యి వెతకండి.

పెరంబూర్_పద్మ
వాసు గారూ, చదువుతుంటే కడుపులో దేవేసింది. కానీ మా డాక్టరమ్మ కూడా నా పిల్లల గురించి అడగలేదండీ. నేను చుక్క ఎక్కడ వేస్తున్నానో చూశారు. మీ ముక్కుసూటి డాక్టరుదీ అదే జాతి అనిపిస్తోంది నాకు.

వేళచ్చేరి_వాసు
గుడ్ మార్నింగ్ అంటే ఇంకా బాగుండేది లెండి.

కోడంబాక్కం_కుమారి
మా అత్తగారి ముచ్చట. ఒంగోలు నుంచి వచ్చారు, ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా అక్షరాల బోర్డు చదవమన్నారు. ఆవిడ నోరు విప్పలేదు. ఇంకా పెద్ద వరస చూపించారు. ఊహూఁ. ఆ కుర్రాడు ఏదో రాసేసుకుని పంపాడు. డాక్టరు కాగితం చూసి, అత్తగారిని చూసి, "ఈవిడ ఆ కుర్చీలోంచి తనంతట తానే లేచి, బల్ల తప్పించుకుని వచ్చి ఇక్కడ కూర్చున్నారు. ఈ కాగితం ప్రకారం అయితే గోడకి గుద్దుకోవాలి. ఏం జరిగింది?" అన్నారు తమిళంలో. నేను తెలుగులో అడిగితే అత్తగారు "కనపడుతున్నాయే. అరవం నాకేం తెలుసు, జిలేబీలు చుట్టినట్టున్నాయి" అన్నారు.
ఆయన పడీపడీ నవ్వి, ఇంగ్లీషు 'E' అక్షరం నాలుగు వైపులా తిప్పి వేసిన అట్ట తెప్పించారు. కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించమన్నారు. "ఇదేంటి, దువ్వెనా?" అంది అత్తగారు. అప్పట్నుంచి ఆ గదిలో దాని పేరు దువ్వెన. పోయినసారి వెళ్తే ఆ కుర్రాడే "పాటీ, దువ్వెన చూద్దామా" అన్నాడు, తెలుగులోనే! (పాటీ అంటే అరవంలో అమ్మమ్మ.)

అక్షరాల_అను
నేను అలాంటి చీకటి గదిలోనే పని చేస్తా, ఆప్టోమెట్రిస్టుని. మా వైపు నుంచి రెండు మాటలు.
ఒకటి, బోర్డు చదవడం రాకపోతే సిగ్గుపడకుండా చెప్పండి. అంకెల బోర్డు ఉంటుంది, దువ్వెన ఉంటుంది, చాలాచోట్ల తెలుగుది కూడా ఉంటుంది. అడిగితే మారుస్తాం.
రెండోది గోపి గారికి. డాక్టరు కాసేపే చూశారంటున్నారు, నిజమే. కానీ అంతకు ముందు చూపు, ప్రెషర్, కంటిపాప పెద్దది చేసే చుక్కలు, లెన్సు పవర్ కొలత, ఇవన్నీ మేం గంట పైన చేసి కాగితం మీద పెడతాం. పాప విప్పారడానికే అరగంట పడుతుంది. మీరు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన ఐదు గంటల్లో కొంత వైద్యమే.

గూడూరు_గోపి
అను గారూ, కావచ్చు. ఆ గంట పైనా చేసింది ఏంటో ఒక్కరు చెప్పినా మేం ఇంత విసుక్కునేవాళ్ళం కాదు. కంట్లో చుక్క వేసి "కళ్ళు మూసుకోండి" అని వెళ్ళిపోతారు. కళ్ళు తెరిస్తే ఫోను మసక. నాన్న "ఉన్న చూపు కూడా తీసేశారు" అని గొడవ.

అక్షరాల_అను
అది మా తప్పే. నాలుగైదు గంటలు దగ్గర చూపు మసగ్గా ఉంటుందని, ఎండ తట్టుకోలేరని చెప్పాలి. రద్దీలో మర్చిపోతాం. ఒప్పుకుంటున్నా.

టీనగర్_తిప్పలు
వేదికలో ఒకరు తప్పు ఒప్పుకున్నారు. ఈ చర్చని భద్రపరచండి.

మాస్టారు_విల్లివాక్కం
పెద్ద ఆస్పత్రి అనగానే డబ్బున్న ఆస్పత్రే గుర్తొస్తుంది మీకు. ఎగ్మూరులో ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, ఎంతమందికి తెలుసు? 1819లో పెట్టారు. లండన్‌లో మూర్‌ఫీల్డ్స్ 1805 నాటిది, దాని తర్వాత ప్రపంచంలో అంత పాతది ఇదే అంటారు. వాసు గారికి వచ్చిన నీటికాసులకి వందేళ్ళ కిందట ఎలియట్ అనే దొర కొత్త రకం ఆపరేషన్ చేసింది కూడా అక్కడే.
మా ఇంట్లో వంట చేసే ఆవిడకి అక్కడే చేయించాం. పైసా ఖర్చు లేదు. ఆపరేషన్ రోజు పొద్దున చదువుకునే డాక్టరు అమ్మాయి ఒకతి వచ్చి, వరసగా కూర్చున్న పన్నెండు మంది దగ్గరా ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, ఏ కన్ను అని అడిగి, వాళ్ళే వేలితో చూపించాక ఆ కనుబొమ్మ పైన పెన్నుతో గుర్తు పెట్టింది. మా వంటావిడ భయంలో ఎడమ కన్ను చూపించింది. ఆ అమ్మాయి కాగితం చూసి, "ఇందులో కుడి అని ఉందే, మీకు ఏది మసక?" అని చేతులు పట్టుకుని మళ్ళీ మొదట్నుంచి అడిగింది. పన్నెండు మందికీ అంతే. నేను కిటికీ దగ్గర నిలబడి చూశా.

సూళ్ళూరుపేట_లోకల్
మాస్టారూ బాగా చెప్పారు. మా నెల్లూరు వైపు వాళ్ళకి కంటి జబ్బు అంటే మద్రాసు రైలు ఎక్కడమే. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను. కాలేజ్ రోడ్‌లో శంకర నేత్రాలయ హాల్లో కూర్చుంటే ఒక పక్క బెంగాలీ, ఒక పక్క తెలుగు, మధ్యలో తమిళం. బద్రీనాథ్ గారు 1978లో మొదలుపెట్టింది, ఆయన 2023 నవంబరులో పోయారని తెలిసిన రోజు మా నాన్న అన్నం సరిగా తినలేదు. ఆయన్ని ఒక్కసారి కూడా కలవలేదు మా నాన్న. చూపు మాత్రం అక్కడిదే.

నిద్రలేని_టెకీ
నాది చిన్న క్లినిక్ కథ. గురువారం రాత్రి 8:30. రెండు రోజులుగా కుడి కంట్లో నల్ల చుక్కలు, దోమల్లాగా తేలుతున్నాయి. ఆ రోజు మెరుపులు మొదలయ్యాయి, గదిలో లైట్ లేకపోయినా పక్కన ఫ్లాష్ కొట్టినట్టు. నిద్రలేక అనుకున్నా. (నా పేరు చూడండి.) మందుల షాపు పక్కన క్లినిక్ షట్టర్ సగం దించుతున్నారు. లోపల ముసలాయన, రేపు రండి అనబోయి, "ఏంటి సమస్య" అన్నారు. మెరుపులు అన్నా. షట్టర్ మళ్ళీ పైకెత్తారు.
చుక్కలు వేసి అరగంట నాతోపాటు కూర్చున్నారు. చూసి "రెటీనా, అంటే కంటి వెనక పొర, దాని అంచున చిరుగు ఉంది, ఊడలేదు ఇంకా. రేపటి దాకా ఆగొద్దు" అన్నారు. పెద్ద ఆస్పత్రికి తనే ఫోన్ చేశారు. బండి మీద వెళ్తానంటే తాళం లాక్కుని ఆయన బల్ల డ్రాయర్‌లో వేశారు, పాప పెద్దదయ్యాక నడపకూడదని. ఆటో పిలిచి డ్రైవరుకి అడ్రసు తమిళంలో రాసి ఇచ్చారు. ఆ రాత్రే లేజరుతో చిరుగు చుట్టూ అతికించారు. ఊడితే పెద్ద ఆపరేషన్ అయ్యేదట. రెండు రోజుల తర్వాత తాళం కోసం వెళ్తే ఫీజు తీసుకోలేదు. "షట్టర్ దించాక ఫీజు లేదు" అన్నారు.

వేళచ్చేరి_వాసు
ఇది వేళచ్చేరిలోనా? అయితే ఆయన నాకు తెలుసు. ఆయన మాత్రం నిజంగా మంచివాడు.

టీనగర్_తిప్పలు
వాసు గారు ఒకరిని మెచ్చుకున్నారు. ఇది కూడా భద్రపరచండి.

ఆవడి_సుజాత
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. మా అమ్మమ్మకి 84. రెటీనా మధ్యలో అరిగిపోయి చూపు చాలావరకు పోయింది, చేయగలిగింది లేదన్నారు. పోయినేడు ఒక రోజు భోజనం దగ్గర "ఆ పిల్లలకి కూడా పెట్టవే" అంది. ఏ పిల్లలు? "పట్టు పరికిణీల్లో ముగ్గురు, గోడ పక్కన కూర్చున్నారు" అంది. నాకు చేతులు చల్లబడ్డాయి.
తర్వాత రోజూ. పిల్లలు, ఒకసారి తోట, ఒకసారి గోడ నిండా ముగ్గు. మామయ్య గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. మా అత్త మతి చలించిందని అంది, అది అమ్మమ్మ చెవిన పడింది. అప్పట్నుంచి ఆవిడ నోరు మూసుకుంది. పిల్లలు కనపడటం ఆగలేదు, చెప్పడం ఆపింది.
మామూలు చెకప్‌కి వెళ్ళాం. డాక్టరు అన్నీ చూసి, మమ్మల్ని బయటికి పంపకుండా, తమిళం కలిసిన తెలుగులో చాలా మామూలుగా అడిగారు: "పాటీ, లేని మనుషులు గానీ, పువ్వులు గానీ కనపడుతున్నాయా? ఇలా చూపు తగ్గినవాళ్ళు చాలామందికి కనపడతాయి." అమ్మమ్మ ఏం మాట్లాడలేదు. కాసేపటికి "వాళ్ళు మాట్లాడరు" అంది. "అవును, మాట్లాడరు" అన్నారాయన. అంతే, ఆవిడ ఏడ్చేసింది.
దానికి పేరుంది, చార్లెస్ బానే సిండ్రోమ్. 1760లో ఒకాయన వాళ్ళ తాతకి ఇలా అవుతుంటే రాశాడట. కంటి నుంచి బొమ్మలు రాకపోతే మెదడు ఖాళీగా ఉండలేక తనే బొమ్మలు వేసుకుంటుందట. పిచ్చి కాదు, గాలి కాదు. లైట్ వేయడం, కళ్ళు గబగబా అటూ ఇటూ తిప్పడం చేస్తే పోతాయన్నారు, చాలామందికి కొన్నాళ్ళకి తగ్గుతాయన్నారు. చూపు ఒక్క పిసరు కూడా పెరగలేదు ఆవిడకి. ఆ రోజు ఇంటికొచ్చి తాయెత్తు తనే తెంపేసింది. ఇప్పుడు "ఇవాళ పిల్లలు రాలేదే" అని నవ్వుతుంది.

పెరంబూర్_పద్మ
సుజాతా, "వాళ్ళు మాట్లాడరు" దగ్గర ఆగిపోయాను.

మాస్టారు_విల్లివాక్కం
మా అమ్మ చివరి రోజుల్లో గదిలో ఆవులున్నాయనేది. మేం కసిరేవాళ్ళం. చూపు లేదు ఆవిడకి. ఇరవై ఏళ్ళయింది.

ఆవడి_సుజాత
మాస్టారూ, అప్పుడు మాకెవరికీ తెలియదు కదండీ.

గూడూరు_గోపి
మూడు వారాల తర్వాత వస్తున్నా. పద్మ గారి డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం. ఇక్కడా గంటన్నర ఆగాం, అది తప్పదు. లోపలికెళ్ళాక మొదటి ప్రశ్న "రోజంతా ఏం చేస్తారు?" నాన్న రొయ్యల గుంటలు చూస్తాడు. రాత్రి రెండింటికి లేచి టీవీఎస్ మీద వెళ్ళి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసొస్తాడు. అది వినగానే ఆవిడ ఖరీదైన లెన్సుల కార్డు పక్కన పెట్టేశారు. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ వేస్తే రాత్రి ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనపడొచ్చట, గుంట గట్ల మీద అది ప్రమాదం అన్నారు. మామూలు మోనోఫోకల్ దూరానికి పెట్టి, పేపరు చదవడానికి చత్వారం కళ్ళజోడు చాలన్నారు. మాకు తక్కువలో అయిపోయింది. ఆ మొదటి చోట నాన్న ఏం పని చేస్తాడని అడిగినవాళ్ళే లేరు.
ఆపరేషన్‌కి మత్తు సూది కూడా లేదు, చుక్కలే. మెలకువగానే ఉన్నాడు. లోపల ఆవిడ "ఇప్పుడు ఎంత కౌంట్ వచ్చింది రొయ్య?" అని అడిగారట. (కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయో.) మా నాన్న మొదలుపెట్టాడు. మేతల రేటు, కరెంటు కోత, వ్యాపారి మోసం. ఆవిడ "మీరు మాట్లాడితే తల కదులుతుంది. నేను అడుగుతా, మీరు లోపల్లోపల చెప్పుకోండి" అన్నారట. పావుగంటలో అయిపోయింది. బయటికొచ్చి నాన్న మొదటి మాట: "సగం చెప్పకుండానే కుట్టేసింది." కుట్టు లేదు నాన్నా, మూడు మిల్లీమీటర్లు కూడా లేని కోత, దానంతటదే మానుతుంది అంటే వినడు.
మర్నాడు గంత తీశారు. నా చొక్కా చూసి "ఇది నీలమా? పచ్చ అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు. శుక్లం పసుపు రంగు అద్దంలా అడ్డం ఉంటుందట, అది తీస్తే నీలం నీలంగా కనపడుతుందట. ఇంటికొచ్చి ఎడమ కన్ను మూసి కుడి కంటితో, కుడి కన్ను మూసి ఎడమ కంటితో గోడలన్నీ చూశాడు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసి మా ఆవిడని పిలిచాడు. అక్కడి నుంచి ఇంట్లో పరిస్థితి బాలేదు.

టీనగర్_తిప్పలు
అందుకే కోడళ్ళు మామగారి ఆపరేషన్ వాయిదా వేస్తుంటారు.

అక్షరాల_అను
రెండు వారాలు తలంటు వద్దు, కంట్లో నీళ్ళు పడనీయొద్దు. రాత్రి ప్లాస్టిక్ మూత పెట్టుకునే పడుకోవాలి. గుంటల దగ్గర మురికి నీళ్ళు కదా, నెల దాకా పంపకండి. ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు తగ్గినా అదే రోజు చూపించండి.

గూడూరు_గోపి
పంపట్లేదు. ఫోన్లో ఏరేటర్ చప్పుడు వినిపించమంటున్నాడు పనివాళ్ళని.

వేళచ్చేరి_వాసు
నాన్నగారికి ప్రెషర్ చూశారా?

గూడూరు_గోపి
చూశారు వాసు గారూ. 14. మీరు అడుగుతారని రాసి పెట్టుకున్నా. రెండో కన్ను వచ్చే నెల.

కోడంబాక్కం_కుమారి
గోపీ, ఆ డాక్టరమ్మ వివరాలు నాకూ పంపు. మా అత్తగారి రెండో కన్ను అక్కడే చేయిద్దాం. ఆవిడ నీచు ముట్టరు, ఆపరేషన్ టేబుల్ మీద రొయ్యల కబుర్లు వద్దని ముందే చెప్పాలి.